మా చెరువు మళ్ళీ కారాలి

జిప్పు పాడైన సంచిని సర్దాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు మోకాలితో అదిమి పట్టాలి, ఇంకొకరు తాడు కట్టాలి. పోయిన ఏడాది మే నెలలో మా ఎదురింటి వరండాలో మోకాలు నాది, తాడు పాల వదినది.

ఆ సంచిలోకి ఏమేం వెళ్ళాయో ఇప్పటికీ వరసగా చెప్పగలను. నాలుగు జతల బట్టలు. ఒక దుప్పటి. పాలు కొలిచే గ్లాసులు రెండు, పెద్దదానిలో చిన్నది. తువ్వాలులో చుట్టిన భర్త ఫోటో. ఎప్పుడో చచ్చిపోయిన ముసలి గేదె మెడగంట. అన్నిటికంటే పైన, నాలుగు మడతలు పెట్టిన నోటీసు కాగితాలు.

“అవెందుకు వదినా, దారిలో పారెయ్యి” అన్నాను.

“నా పేరు మీద వచ్చిన ఉత్తరం ఇదొక్కటే. ఉండనీ” అంది.

ఎవరు ప్రయాణమైనా వాళ్ళు చూడకుండా సంచిలో నాలుగు జ్వరం మాత్రలు, ఒక కొవ్వొత్తి, నా ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టడం నాకు అలవాటు. ఆ రోజు చీటీలు మూడు పెట్టాను, రెండు పోయినా ఒకటి మిగులుతుందని. వదినకు అక్షరాలు రావు గానీ అంకెలు వచ్చు. ఏడు గేదెలు లారీ ఎక్కాయి. వదిన డ్రైవరు పక్కన ఎక్కి, చెరువు నిండగానే వచ్చేస్తానని చెప్పి, నిండిందో లేదో చూసి చెప్పే పూచీ నా మీద పెట్టి, తమ్ముడి ఊరికి వెళ్ళింది.

ఇక అసలు విషయానికి వస్తాను. పాఠకులారా, మా చెరువు నిండింది! బాగుచేశాక కారడం మొదలుపెట్టిన మా కాలనీ చెరువు, ఇన్నాళ్ళకు కారడం మానేసింది. అందరూ ఒకరికొకరు అభినందనలు చెప్పుకుంటున్నారు. నేనొక్కదాన్నే దీన్ని తీవ్రంగా వ్యతిరేకిస్తున్నాను. చెరువు మళ్ళీ కారాలి. కారితీరాలి!

ముసలిదానికి మతి పోయిందని పేజీ తిప్పేయకండి. పేజీలు తిప్పడం, తిప్పకపోవడం గురించి నాకు కొంత అనుభవం ఉంది, అది తర్వాత చెబుతాను. మూడో తరగతిలో బడి మానేసి, సరుకులు కట్టిన పొట్లాం కాగితాలు చదువుకుంటూ చదువు నేర్చుకున్నదాన్ని. ఆ చదువులో ఒక్కటే లోపం. ఏ కథైనా కొట్టువాడు కాగితం చింపిన చోట ఆగిపోతుంది. ఒక పొట్లాంలో వేటకెళ్ళిన రాజు ఇంటికి తిరిగొచ్చాడో లేదో ఈ రోజుకీ నాకు తెలీదు.

అందుకే వీధిలో నన్ను పేపరు వదిన అంటారు. పాలు పోసే ఆమె పాల వదిన, పేపరు చదివే నేను పేపరు వదిన. ఆమెకు చదవడం రాదు, నాకు పాలు పితకడం రాదు. నలభై ఏళ్ళు ఇలాగే గడిచిపోయాయి, ఎవరికీ ఏ లోటూ తెలీకుండా.

మా చెరువు పాత రోజుల్లో చాలా నాసిరకంగా ఉండేది. చుట్టూ బురద. నడవడానికి దారి లేదు, కూర్చోవడానికి బెంచీ లేదు. చేసేదల్లా ఒక్కటే పని, ఏడాది పొడుగునా నీళ్ళు నిలపడం. మండే ఎండల్లో కూడా గేదెలకు మెడలోతు నీళ్ళుండేవి. అదేమైనా గొప్పా? గిన్నె కూడా నీళ్ళు నిలుపుతుంది!

పైగా వదినకు ఒక అలవాటు ఉండేది. ఎండలు ముదిరి నీళ్ళు వెనక్కి తగ్గగానే, తేలిన తడి బురదలో ఏడు గేదెలను నాగలి సాళ్ళలా వరసలు వరసలుగా తిప్పేది. ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్ళీ వెనక్కి, పది పదిహేను రోజులు. ఎవరూ అడిగింది లేదు, ఎవరూ ఇచ్చింది లేదు. వాళ్ళ అత్తగారు చేసేదట, అందుకని చేసేది. ఎందుకిదంతా అని ఒకసారి అడిగితే, “చెరువును తొక్కించాలి వదినా, లేకపోతే నోరు తెరుస్తుంది” అంది. అదేదో సామెత అనుకున్నాను. ఆ పదిహేను రోజులూ మా కిటికీల్లోకి వచ్చే వాసన మాత్రం సామెత కాదు.

అలాంటి చెరువును ఉద్ధరించాలని కాలనీ కమిటీ నడుం కట్టింది. మా సెక్రటరీగారు ఉద్యోగం నుంచి రిటైరైన మర్నాడు ట్రాక్ సూట్ వేసుకున్నారు, మళ్ళీ తీయలేదు. పట్టుదల గల మనిషి. పెద్ద యంత్రాలు వచ్చాయి. పూడిక తీయాలన్నారు. మనిషి లోతు తవ్వమని ప్లానులో ఉంటే, కాంట్రాక్టరు ధర్మాత్ముడు, మనిషిన్నర లోతు తవ్వాడు. ఇటుక బట్టీవాళ్ళకు నల్ల బంకమట్టి కావాలట, తవ్వినకొద్దీ తీసుకెళ్ళారు. బంకమట్టి అంతా పోయి అడుగున గులకరాళ్ళు, ఇసుక తేలాయి. తెల్లగా, కడిగినట్టు! ఇన్నాళ్ళూ ఇంత అందమైన అడుగును ఆ మట్టి కింద దాచిపెట్టారేమిటని అందరూ ఆశ్చర్యపోయారు.

ఆ ఇటుకలతోనే కమిటీ హాలు కట్టారు. అంటే మా చెరువు అడుగు ఇప్పుడు కమిటీ హాలు గోడ అన్నమాట. గోడ మాత్రం చుక్క నీరు పీల్చదు. చెరువు ఎందుకు కారుతోందని ఆ తర్వాత పదిహేను సమావేశాలు జరిగాయి, అన్నీ ఆ నాలుగు గోడల మధ్యే!

సరే, గట్టు మీద టైల్స్ వేశారు. రెయిలింగు, దీపాలు, ఫౌంటెన్, రెండు హంస పడవలు. మెట్ల దగ్గర ‘పశువులకు ప్రవేశం లేదు’ అని బోర్డు. వానలకు చెరువు అంచుదాకా నిండింది. అక్టోబరులో రిబ్బన్ కత్తిరించారు. జనవరికి ఖాళీ.

ఇక లాభాలు వినండి.

మునిగేవాళ్ళను కాపాడడానికి రెయిలింగుకు పన్నెండు ఎర్ర ట్యూబులు వేలాడదీశారు. చెరువు ఎండిన కాలమంతటిలో ఒక్కరైనా మునిగారా? లేదు! ఏ దేశంలో ఏ చెరువుకు ఇంత మంచి రికార్డు ఉంది? ట్యూబులు కూడా వృథా పోలేదు. నడుం నొప్పి ఉన్నవాళ్ళం తలా ఒకటి తెచ్చుకుని బెంచీ మీద వేసుకుని కూర్చున్నాం. ఇప్పుడు నీళ్ళొచ్చాయి కదా అని సెక్రటరీగారు వాటిని తిరిగి ఇమ్మంటున్నారు. నా నడుం ఏం పాపం చేసింది?

హంస పడవల సంగతి చూడండి. ఎండిన చెరువు మధ్యలో రెండూ కాస్త పక్కకు ఒరిగి కూర్చున్నాయి. బడిపంతులుగారు, ఆయన భార్య రోజూ ఉదయం నడుచుకుంటూ వెళ్ళి పడవెక్కి నలభై నిమిషాలు పెడల్ తొక్కేవారు. మోకాళ్ళకు మంచిదని డాక్టరు చెప్పాడట. ఒక్క అంగుళం కదిలేవారు కాదు. గట్టు మీద నుంచి చూసే నాకు ఎంత నిశ్చింతగా ఉండేదో! పడవంటే అలా ఉండాలి. ఎక్కినచోటే దిగాలి. ఇప్పుడేమైంది? నీళ్ళొచ్చాయి, పడవ అవతలి ఒడ్డుకు పోతోంది. పంతులుగారి భార్య అక్కడి నుంచి నాకు చెయ్యి ఊపుతుంది. దూరం నుంచి ఎవరు చెయ్యి ఊపినా నాకు గుండెదడ. వాళ్ళు తిరిగి మెట్టెక్కేదాకా నేను గట్టు దిగను. ఇది చెరువు చేసిన మేలా, కీడా?

ఫౌంటెన్‌కు ముఖ్య అతిథి వచ్చినప్పుడు ట్యాంకరుతో నీళ్ళు తెచ్చి పోశారు. పదకొండు నిమిషాలు చిమ్మింది. అందరం లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. ఇప్పుడు రోజంతా చిమ్ముతోంది, తలెత్తి చూసే దిక్కు లేదు. అరుదుగా దొరికేదానికే కదండీ విలువ!

చెరువు ఎండితే వీధిలో బావులు ఎండాయి. దానివల్ల జరిగిన మేలు అంతా ఇంతా కాదు. మా పక్కింటి తోడికోడళ్ళకు పదేళ్ళుగా మాటల్లేవు. నీళ్ళ ట్యాంకరు దగ్గర బిందెల వరసలో మాటలు కలిశాయి. ఏం మాటలు అని మాత్రం అడక్కండి.

అసలు చెరువు ఎక్కడికీ పోలేదు. ఇల్లు మారింది, అంతే! దిగువ వీధిలో కొత్తగా కట్టిన షాపింగ్ కాంప్లెక్స్ సెల్లార్‌లో తేలింది. అక్కడ రోజంతా మోటారు పెట్టి తోడి కాలవలో పోస్తున్నారు. కార్లు దించితే కడిగినట్టు పైకొస్తున్నాయి. కప్పలు కూడా అక్కడికే చేరాయని కాపలా ముసలాయన చెప్పాడు. నా ఎరుకలో సంచి సర్దుకోకుండా, ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్ళిపోయినవాళ్ళు కొందరున్నారు. మా చెరువు కూడా ఆ జాబితాలో చేరింది.

నీళ్ళు ఇంకా కాసిని ఉండగానే కమిటీ ‘నీటి నష్ట నివారణ ఉపసంఘం’ వేసింది. ఉపసంఘం మూడు సమావేశాలు పెట్టి దొంగను పట్టుకుంది. దొంగ సూర్యుడు! ఎండకు ఆవిరైపోతోందట. పైనున్నవాడి మీద కేసు పెట్టలేం కదా, అందుకని తీర్మానం రాసి ఊరుకున్నారు.

ఎప్పుడో ఒక పొట్లాం కాగితంలో చదివిన ఉపాయం నాకు గుర్తొచ్చింది. బట్టలు నానబెట్టే ప్లాస్టిక్ తొట్టి నిండా నీళ్ళు పోసి చెరువు మెట్టు పక్కనే ఎండలో పెట్టాను. తొట్టికి లోపల ఒక గీత, మెట్టుకు ఒక గీత గీశాను. అయిదు రోజుల తర్వాత చూస్తే తొట్టిలో అంగుళం తగ్గింది, చెరువులో పది అంగుళాలు తగ్గింది. ఆ ఎండే కదా ఇక్కడా అక్కడా? సూర్యుడు తాగింది అంగుళమైతే మిగతా తొమ్మిది అంగుళాలు ఎవరు తాగారు?

సమావేశానికి తొట్టిని మోసుకెళ్ళి మరీ అడిగాను. సెక్రటరీగారు ఓపిగ్గా విన్నారు. “అమ్మా, మీ తొట్టి ప్లాస్టిక్. చెరువు ప్రకృతి. రెండూ ఒకటెలా అవుతాయి?” అన్నారు. నా కృషిని అభినందిస్తూ తీర్మానం చేశారు. తొట్టిని ఫౌంటెన్ ప్రారంభం రోజున పూలు వేయడానికి తీసుకున్నారు. తిరిగివ్వలేదు.

ఇంటికొచ్చి పాల వదినకు ఈ కథ చెప్పాను. పాలు పోస్తూ నవ్వింది. “తొక్కించని చెరువు తాగుబోతు వదినా. ఎంత పోసినా చాలదు” అంది.

ఏప్రిల్‌లో ఆమె బావి అడుగంటింది. చెరువులో ఒక మూల చాప పరిచినంత తడి మిగిలింది. పాత అలవాటు పోతుందా? బోర్డు పక్కనుంచే గేదెలను దించి, ఆ కాస్త తడిలో వరసలు వరసలుగా తిప్పడం మొదలుపెట్టింది. మూడో రోజు కమిటీవాళ్ళు ఫోటో తీశారు. వారానికి నోటీసు వచ్చింది. నాలుగు కాగితాలు.

“కాస్త చదివిపెట్టు వదినా” అని తెచ్చింది. ఆమె మా వంటింటి గుమ్మంలో కూర్చుంది, నేను ముక్కాలిపీట మీద కూర్చుని చదివాను. చెరువులో దించిన పశువులను ఇకమీదట పట్టుకెళ్తారని మొదటి కాగితం. ఎందుకు పట్టుకెళ్తారో రెండో కాగితం. మూడోదీ నాలుగోదీ, పశువులను చెరువులోకి రానివ్వవద్దని మా కాలనీవాళ్ళు అంతకు రెండేళ్ళ ముందు పెట్టుకున్న అర్జీ నకలు. దాని కింద సంతకాలు ఉన్నాయి. సంతకాల్లో చదవడానికేముంటుంది? పొయ్యి మీద పాలు పొంగుతాయని ఆపేసి లేచాను.

పాలు ఆ రోజు ఇంకా పొయ్యి మీద పెట్టలేదు.

చెరువులోకి దించకూడదు, బావిలో నీళ్ళు లేవు. ఏడు గేదెలతో మనిషి ఏం చేస్తుంది? సంచి సర్దింది. ఆ సంగతి మొదట్లోనే చెప్పాను.

ఆమె వెళ్ళాక ఉపసంఘం నిజంగానే పనిలోకి దిగింది. ముందు చెరువంతా నల్లటి ప్లాస్టిక్ షీటు పరిచారు. అద్దంలా మెరిసింది. వానలు పడ్డాయి. షీటు కింద గాలి చేరి చెరువు మధ్యలో ఏనుగు వీపులా లేచింది. దాన్ని దించడానికి కుర్రకారు కర్రలతో పొడిచారు. అది దిగింది. నీళ్ళు కూడా దిగాయి!

తర్వాత నీళ్ళు తగిలితే ఉబ్బి కన్నాలు పూడ్చే మట్టి పొడి అని బస్తాలు దించారు. మంచిదే గానీ, చల్లిన రోజున గాలి వీచింది. సగం పొడి మా దండేల మీది బట్టలకు పట్టింది. ఆ వారం మా వీధిలో బట్టలు ఉతికితే నీళ్ళు పైకి తేలి నిలబడ్డాయి, లోపలికి ఇంకలేదు. మా దిండుగలీబులు ఇప్పటికీ వాటర్‌ప్రూఫ్.

ప్రతి ఆదివారం సాయంత్రం వదిన ఫోన్ చేసేది. “నిండిందా?” అనడిగేది. ఇంకా లేదనేదాన్ని. నా నడుం ఎలా ఉందని అడిగేది. గేదెల సంగతులు చెప్పేది. తమ్ముడి ఇంట్లో కుళాయి ఉంది, రేకుల షెడ్డు ఉంది, దేనికీ కొదవ లేదట. పైపుతో నీళ్ళు కొడితే గేదెలు నిలబడతాయట గానీ, కళ్ళు మూసుకోవట. అక్కడ పుట్టిన దూడకు చెరువంటే ఏమిటో తెలీదట. చెప్పి నవ్వేది. పెట్టేసేది.

ఇలా సాగుతుండగా ఈ వేసవి మొదట్లో ఒక ఇంజనీరమ్మ వచ్చింది. చిన్నపిల్ల, బూట్లకు బురద అంటినా తుడుచుకోని రకం. హాలులోకి రమ్మంటే రాలేదు, సరాసరి చెరువులోకి దిగింది. గొయ్యి తీసి నీళ్ళు పోసి చేతి గడియారం చూసుకుంది. పిడికెడు మట్టి తీసుకుని నలిపింది, ఇసుక రాలిపోయింది. గట్టు వార, యంత్రం అందని చోట మిగిలిన పాత నల్లమట్టి తీసి నలిపింది, అది రిబ్బన్‌లా సాగింది. ఆ మట్టిని అలాగే పట్టుకుని గట్టు మీద కూర్చున్న నా దగ్గరకొచ్చింది.

“అమ్మమ్మా, ఇక్కడ పశువులు తిరిగేవా?” అంది.

ఏడు గేదెలని చెప్పాను. వరసలు వరసలుగా తిప్పేదని కూడా చెప్పాను. ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. బంకమట్టి తడిగా ఉన్నప్పుడు గిట్టలు పడితే రొట్టెపిండి పిసికినట్టు బిగుస్తుందట, సందులన్నీ మూసుకుపోతాయట. ఏళ్ళ తరబడి అలా తొక్కడం వల్లే ఈ చెరువు నిలిచిందట. ఆ మట్టే తీసేశాక షీట్లు పరిచి ఏం లాభం అంది.

“మరి గేదెలను ఎందుకు మాన్పించారు?”

“ఎవరో అర్జీ పెట్టారమ్మా” అన్నాను.

ఆ పిల్ల చెప్పినట్టే పని జరిగింది. ఎక్కడో వేరే ఊళ్ళో చెరువు తవ్వుతుంటే ఆ బంకమట్టి తెప్పించారు. (ఇప్పుడు వాళ్ళ చెరువు ఎలా ఉందో నేను కనుక్కోలేదు.) మట్టి పొరలు పొరలుగా పరిచి తడిపారు. తొక్కించడానికి యంత్రం తెచ్చారు. ఆ యంత్రాన్ని మీరు చూడాలి! పెద్ద ఇనుప పీపా, దాని చుట్టూ వందల ఇనుప గిట్టలు. అవును, గిట్టలే! గొర్రె కాళ్ళు చూసి అలా తయారుచేశారట. అది ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్ళీ వెనక్కి, వరసలు వరసలుగా తిరిగింది. పదిహేను రోజులు. బోర్డు పక్కనుంచే దిగింది. ఎవరూ ఆపలేదు, ఎవరూ ఫోటో తీసి నోటీసు పంపలేదు. ఫోటో తీశారులెండి, సెక్రటరీగారు దాని పక్కన నిలబడి తీయించుకున్నారు.

వానలు పడ్డాయి. నీళ్ళు నిలిచాయి. నేను రోజూ మెట్లు లెక్కపెట్టుకున్నాను. ఆగస్టు మూడో తేదీ ఆదివారం ఉదయం కమిటీ నెలసరి సమావేశంలో ‘చెరువు విజయం’ అని తీర్మానం చేసి, ఒకరికొకరు కరచాలనాలు చేసుకున్నారు. ఆ సాయంత్రం వదిన ఫోన్ చేసేదాకా ఆగలేక నేనే చేశాను.

“నిండింది వదినా. ఎనిమిదో మెట్టు మునిగింది.”

“గేదెలను దిగనిస్తారా?” అంది.

బోర్డు ఇంకా ఉందని చెప్పాను. కమిటీతో మాట్లాడి తీయిస్తానన్నాను.

“నువ్వు రాసిస్తే కాదంటారా వదినా. పోయినసారి మొదటి సంతకం నీదేగా.”

నేను మంచం మీద కూర్చున్నాను.

“ఇక్కడికొచ్చిన రెండో రోజే మా తమ్ముడి కూతురు చదివిపెట్టింది. నువ్వు సగంలో ఆపావు కదా, మిగతాదాంట్లో ఏముందోనని.”

అరవై నాలుగు ఆదివారాలు. నిండిందా అని అడిగింది, నా నడుం గురించి అడిగింది. ఇది అడగలేదు.

“మరి నన్నెందుకు అడగలేదు?” అన్నాను.

“అడిగితే నువ్వు ఫోన్ ఎత్తవని” అంది. బోర్డు తీయగానే చెప్పమని, లారీ మాట్లాడుకోవాలని చెప్పి పెట్టేసింది.

పాఠకులారా, పేజీలు తిప్పడం గురించి తర్వాత చెబుతానన్నాను. మూడేళ్ళ క్రితం సెక్రటరీగారు మా ఇంటికి అర్జీ పట్టుకొచ్చి, “మీరు చదువుకున్నవారు, మొదటి సంతకం మీదే ఉండాలి” అన్నారు. నన్ను చదువుకున్నదానివని అన్నది జీవితంలో ఆయనొక్కరే. మొదటి పేజీలో దీపాలు, బెంచీలు, నడకదారి అడిగారు. రెండుసార్లు చదివాను. ఒక అచ్చుతప్పు కూడా దిద్ది ఇచ్చాను! పశువుల సంగతి రెండో పేజీలో ఉంది. కింద జాగా చూపించారు, పెట్టేశాను. పప్పు పొట్లాం కాగితాన్ని ముందూ వెనకా తిప్పి చదివే మనిషిని, ఆ ఒక్క కాగితం తిప్పలేదు.

ఆ సాయంత్రమే కూర్చుని కొత్త అర్జీ రాశాను. గేదెలు ఈ చెరువుకు ఏం చేశాయో రాశాను, ఇంజనీరమ్మ చెప్పిన మాటలన్నీ రాశాను. రెండు పేజీలూ నాలుగుసార్లు చదివి మొదటి సంతకం పెట్టాను. మర్నాడు పొద్దున్నే సెక్రటరీగారికి ఇచ్చాను. చాలా బాగుందన్నారు. అయితే నెలసరి సమావేశం నిన్ననే అయిపోయింది కాబట్టి సెప్టెంబరు ఏడున పెడతామన్నారు. గేదెలు ఇన్నాళ్ళు ఆగినవి ఇంకో నెల ఆగలేవా అన్నారు. నిజమే కదా! చెరువు విషయంలో తొందరపాటు పనికిరాదని మేం నేర్చుకున్న పాఠం.

సెప్టెంబరు ఏడున ఏడో అంశంగా పెట్టారు. ఏకగ్రీవంగా నెగ్గింది. చప్పట్లు కొట్టారు. బోర్డు మీద ‘పశువులకు ప్రవేశం లేదు’ కింద ‘గేదెలకు తప్ప’ అని రాయించారు. పెయింటరు అక్షరాలు చక్కగా రాశాడు. తప్పుల్లేవు, చూశాను.

ఇప్పుడు చెప్పండి, నేను ఎందుకు వ్యతిరేకించకూడదు? చెరువు కారినన్నాళ్ళూ ఎదురింటి తలుపుకు తాళం ఎందుకుందని ఎవరైనా అడిగితే, చెరువు వైపు చెయ్యి చూపించేదాన్ని. నీళ్ళు లేవు కదండీ, నిండగానే వస్తుంది అనేదాన్ని. తప్పు కాంట్రాక్టరుది, ఇసుకది, షీటుది, సూర్యుడిది. ఇంతమంది మోసేవాళ్ళుంటే నా వాటా ఎంత? ఇప్పుడు అంచుదాకా నిండి, వీధిలో బావులన్నీ నిండి, చెయ్యి చూపించడానికి ఒక్క కన్నమైనా లేకుండా చేశారు. అందుకే కమిటీవారికి నా మనవి. దయచేసి ఆ మట్టి తీసేయండి. మళ్ళీ మనిషిన్నర లోతు తవ్వండి. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను.

పాల వదిన మా వీధి నుంచి వెళ్ళింది పోయిన ఏడాది మే పన్నెండున, ఆదివారం. ఈ ఏడాది ఆగస్టు ఇరవై ఒకటిన, గురువారం మధ్యాహ్నం, తమ్ముడి ఇంట్లో చనిపోయింది. తిరిగి రాలేదు.